ముదురు కోళ్లు నాలుగు

మా అక్క తుంటి ఎముక విరిగింది ఆవు తన్నినందుకు కాదు. ఈ సంగతి మొట్టమొదటే రాయమని ఆమె ఆజ్ఞ. పుంగనూరు చుట్టుపక్కల ఊళ్లన్నిటా ఆవు తన్నిందనే వార్త పాకి, పాపం ఆ ఆవుకు అన్యాయంగా చెడ్డపేరు వచ్చింది. జరిగింది వేరు. పొద్దున్నే పాలు పితికి లేస్తుంటే ఆమె కాలు పేడ మీద జారింది. చేతిలో పాలచెంబు ఉంది. పాలను కాపాడాలా, తనను కాపాడుకోవాలా అనే ప్రశ్న వచ్చినప్పుడు మా అక్క పాల వైపే మొగ్గింది. కుప్పం ఆసుపత్రిలో స్ట్రెచర్ మీద నుంచి ఆమె నాతో అన్న మొదటి మాట, "సుక్క గూడా ఒలకలేదు సిన్నోడా."

నాకు డెబ్బై దాటాయి. అయినా ఆమెకు నేను సిన్నోణ్ణే.

ఆపరేషన్ బాగా జరిగింది. పెద్ద డాక్టరు నన్నూ, అక్క కొడుకునూ పక్కకు పిలిచి షరతులు చెప్పాడు. కొన్ని నెలల దాకా ఆమె నేల మీద కూర్చోకూడదు. పీట మీద కూర్చోకూడదు. కూర్చున్నప్పుడు మోకాళ్లు తుంటి కంటే పైకి రాకూడదు. అంటే పల్లెలో వాళ్లింట్లో ఉన్న నులకమంచం పనికిరాదు. అందులో పడుకున్న మనిషి ఉయ్యాల్లో బిడ్డలా అడుగుకు దిగిపోతాడు. అందువల్ల ఆమెను మదనపల్లెకు, మా ఇంటికి తీసుకురావాలని తీర్మానించాం. మా ఇంట్లో కుర్చీలో కూర్చున్నట్టు కూర్చునే మరుగుదొడ్డి ఉంది. మంచాలూ ఉన్నాయి గానీ, అవి ఈ కాలపు డబ్బా మంచాలు. కింద పాత చీరలూ ఇత్తడి సామాన్లూ దాచుకునేందుకు చేసినవి. మోకాలెత్తు కూడా ఉండవు.

ఎత్తు మంచం చూస్తానని అక్కతో అన్నప్పుడు ఆమె తన షరతు చెప్పింది. డాక్టరు షరతులన్నీ దాని ముందు తేలిక.

"ఈడ పొద్దున్నే ఇద్దరు నర్సమ్మలు వచ్చి, సంకల కింద సేతులేసి, సెనక్కాయల మూట లేపినట్టు లేపుతాండారు. ఆస్పత్రి గాబట్టి ఊరుకుంటాండా. మీ ఇంట్లో నన్నెవురూ ముట్టుకోని లేపగూడదు. నా అంతట నేనే లేయాల. లేయలేనంటే అదే దినం మా ఊరికి పోయి ఆవు కాడ పడుంటా."

"డాక్టరేమో వంగొద్దంటాడు గదక్కా."

"డాక్టరు వచ్చి పాలు పితుకుతాడా?"

ఆమె పోతానంటే పోతుంది. పోతే వంగుతుంది. వంగితే మళ్లీ పడుతుంది. ఈసారి కూడా చెంబునే కాపాడుతుంది. కాబట్టి నా మీద పడిన పని ఒక్కటే: ఎవరి చెయ్యీ తగలకుండా మా అక్క తనంతట తాను లేవగలిగే మంచం.

కుప్పంలో రైల్వేస్టేషనుకు పోయే దారిలో పాత సామాన్ల కొట్టు ఒకటుంది. బెంగళూరుకు కాపురం మార్చేవాళ్లు మోయలేని సామానంతా అక్కడ వదిలేసి రైలెక్కుతారు. ఆసుపత్రి నుంచి వస్తూ తొంగిచూస్తే, గోడకు ఆనించి ఒక పాత మంచం విడివిడిగా పేర్చి ఉంది. పైన పచ్చరంగు, దాని కింద నీలం, దాని కింద ఇంకేదో. తలవైపు పలక మీద రెండు చిలకలు చెక్కి ఉన్నాయని నాకు తోచింది. గోరుతో రంగు గీకి వాసన చూశాను. టేకు. జేబులోంచి టేపు తీసి పొడవు కొలిచాను, వెడల్పు కొలిచాను, మా వసారా తలుపులో పడుతుందా అని లెక్కవేశాను. ఉద్యోగమంతా పట్టుపురుగుల పెంపకం శాఖలో చేశాను. పురుగుల గదిలో వేడీ తేమా పూటపూటకూ చూసి రాసుకున్న మనిషి దేన్నీ కొలవకుండా కొనడు.

ఇంటికి ఫోను చేసి మా ఆవిడకు మంచం సంగతి చెప్పాను. ఆమె ధర అడగలేదు.

"దాని మీద ఎవురన్నా పోయినారేమో కనుక్కోండి" అంది.

ఆ మాట నేను అడగలేక ఫోను కొట్టు యజమాని చేతికిచ్చాను. ఆయన పెద్దగా మాట్లాడే మనిషి. ఆయన మాటలే కాదు, ఫోనులోంచి మా ఆవిడ మాటలు కూడా నాకు వినబడుతున్నాయి.

"ఇంత పాత మంచం మీద ఎవురూ సావకుండా యాడుంటారమ్మా? నేను అబద్ధం సెప్పను. అయితే దీని మీద పుట్టినోళ్లు గూడా ఉంటారు గదా. దానికీ దీనికీ సరిపోతాది."

"మా వదిన పడుకోవాల్నప్పా దాని మీద. ఆపరేషనైన మనిషి."

"అట్లయితే పుట్టినోళ్లను తలుసుకోని పడుకోమను తల్లీ."

మా ఆవిడ ఫోను పెట్టేసింది. ఒప్పుకున్నట్టో, కోప్పడినట్టో తెలియలేదు. నేను ఒప్పుకున్నట్టే తీసుకున్నాను. టమోటాలు నింపుకోవడానికి మదనపల్లెకు ఖాళీగా పోతున్న వ్యానులో మంచం ఎక్కించాను. ఆ రోజు డైరీలో "మంచం కొన్నాను. మంచిది" అని ఉంది.

మరునాటి డైరీలో "మంచం పొట్టిది" అని ఉంది.

వసారాలో దాన్ని బిగించి, అంచున కూర్చుంటే నా మోకాళ్లు గడ్డం దగ్గరికి వచ్చాయి. పొడవు కొలిచాను, వెడల్పు కొలిచాను, ఎత్తు మాత్రం కొలవలేదు. గోడకు ఆనించిన మంచానికి ఎత్తు కూడా ఉంటుందని నాకు తోచలేదు. తిరగేసి చూస్తే నాలుగు మూలలా అడుగున రంపం గుర్తులున్నాయి. ఎవరో పిల్లలు పడిపోతారని కోయించారో, నడుము నొప్పి పెద్దవాళ్ల కోసం కోయించారో తెలియదు.

"దీని కన్నా మన డబ్బా మంచమే ఎత్తు" అంది మా ఆవిడ. "అందులో సామానన్నా పెట్టుకోవచ్చు." అంటూనే చెంబుతో పసుపునీళ్లు తెచ్చి, నేను వద్దు వద్దు అనేలోపల, పోయినవాళ్లెవరైనా దాన్ని పట్టుకుని ఉంటే పోవాలని తలాపు నుంచి పాదాల దాకా చల్లేసింది. పోయినవాళ్లు పోయారేమో గానీ పసుపు పోలేదు. రంగు పెచ్చులూడిన చోటల్లా టేకు లోపలికి దిగింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మంచానికి ఉండేవాటిని కాళ్లనరు, కోళ్లంటారు. ఒకటైతే కోడు. కాళ్లు మనుషులకూ కుర్చీలకూ ఉంటాయి. చిన్నప్పుడు నేను మంచం కాళ్లు అంటే మా నాయన నెత్తిన మొట్టి మరీ సరిదిద్దాడు. అప్పటి నుంచి నేను ఆ మాట తప్పుగా అనలేదు. తర్వాత జరిగినదానికి అదే కారణం.

పక్కల పట్టెలూ, వాటి మీద పరిచే పలకలూ పాతవే ఉంచి, కోళ్లు మాత్రం కొత్తవి వేయాలని నిర్ణయించాను. పుంగనూరులో చెక్కను మిషను మీద తిప్పి నున్నటి కోళ్లు తీసే వడ్రంగి ఉన్నాడు. ఆ ఊరు అక్క వాళ్ల పల్లెకు దగ్గర. మేనల్లుడు రోజూ పాలు తీసుకుని అటే పోతాడు. వాడికి చెబితే పని అవుతుంది. అయితే ఎత్తు ఎంత ఉండాలి? అది అక్క మోకాలు చెప్పాలి.

మళ్లీ కుప్పం వెళ్లాను. ఆమెను మంచం అంచున కూర్చోబెట్టి ఉన్నప్పుడు వంగి, టేపు మడమ దగ్గర పెట్టాను.

"ఏందిరా కొలస్తాండావు?"

"మోకాలెత్తు అక్కా."

"యాల? పాడె కట్టేదానికా?"

"పాడెకు మోకాలెత్తు ఎందుకు? పొడుగు సూస్తారు గానీ."

"అట్లయితే పొడుగు గూడా కొలుసుకోని పో. మళ్లీ మళ్లీ యాడ వస్తావు బస్సులో, ముసలోడివి."

పక్క మంచం మీద కుట్లతో పడుకుని ఉన్నావిడ నవ్వకుండా ఉండలేక, నవ్వితే ఓర్చుకోలేక, రెండు చేతులతో కడుపు పట్టుకుని "కాస్సేపు ఊరుకోండమ్మా" అని బతిమాలింది. టేపు చూశాను. పట్టె పోను, పలక పోను, కోళ్లు పద్దెనిమిది అంగుళాలుంటే అక్క పాదాలు రెండూ నేలకు ఆనుతాయి, మోకాళ్లు తుంటి కంటే కిందే ఉంటాయి.

తిరుగు బస్సులో కూర్చుని మేనల్లుడికి ఫోనులో గొంతు రికార్డు చేసి పంపాను. నేను ఏది చెప్పినా కుదురుగా, ఒకదాని తర్వాత ఒకటి చెబుతాను. అప్పుడు చెప్పింది ఇదీ:

"అబ్బోడా, మీయమ్మకు నాలుగు కోళ్లు కావాల్రా. పుంగనూరులో సూడు. ముదురువి కావాల, లేతవి వద్దు. నాలుగూ ఒకే ఎత్తుండాల, పద్దెనిమిది అంగుళాలు. రవ్వంత గూడా ఎచ్చుతగ్గులు ఉండగూడదు. సేత్తో ఎత్తితే బరువు తెలియాల. డిస్చార్జికి ముందే మా ఇంటికి తెచ్చెయ్."

కాసేపటికి వాడి దగ్గర నుంచి బొటనవేలి బొమ్మ వచ్చింది.

కోళ్లు వచ్చేలోపల రంగు గీకే పని పెట్టుకున్నాను. మంచాన్ని విప్పేముందు ఏ పలక ఎక్కడిదో మరిచిపోకుండా ప్రతిదాని మీదా పెన్సిలుతో అంకె వేశాను. పలక మీద ఒక అంకె, అది కూర్చునే పట్టె మీద అదే అంకె. ఆ ఏర్పాటు చూసి నాకే ముచ్చటేసింది. తర్వాత గరుకు కాగితం తీసుకుని పొద్దుగూకేదాకా రుద్దాను. పచ్చ పోయింది, నీలం పోయింది, ఇటుకరంగు పోయింది. ఆ ఇంట్లో పండగ పండక్కీ తలుపులకు తెచ్చిన రంగులో మిగిలినదంతా ఈ మంచానికే పూసినట్టున్నారు. అన్ని రంగులతో పాటు అంకెలు కూడా పోయాయని కాగితం పక్కన పెట్టాక గానీ నాకు తెలియలేదు.

తలవైపు పలక మాత్రం మెల్లగా, చిన్న కత్తితో గీకాను. నాకు అవి చిలకలు. మా ఆవిడకు గబ్బిలాలు. రోజూ కాఫీ ఇవ్వడానికి వచ్చినప్పుడల్లా ఆమె ఒకసారి వంగి చూసి, "ఇంగా గబ్బిలాలే" అని పోయేది. రంగు పూర్తిగా పోయాక తేలిందేమిటంటే, అవి చిలకలూ కావు, గబ్బిలాలూ కావు. రెండు మామిడికాయలు, తొడిమెలతో సహా. నేను ముక్కనుకున్నది తొడిమె.

"మామిడికాయల్ని సూసి చిలకలనుకున్నోడు ఎత్తు కొలస్తాడా" అని ఆమె వంటింట్లోకి పోతూ అన్నమాట నాకు వినబడాలనే అంది.

అప్పటికి కార్తీకం వచ్చింది. మా ఇంట్లో ఆ నెల మాంసం ముట్టం. నెలంతా పొద్దున్నే దీపం పెడుతుంది మా ఆవిడ. అలా దీపం పెట్టి లేస్తున్న ఒక పొద్దున మేనల్లుడు పెద్ద గంపతో వాకిట్లో దిగాడు. గంప మీద గోనెపట్టా కట్టి ఉంది. నేను వసారాలో పలకల గుంటలు పూడ్చడానికి లప్పం పెడుతున్నాను.

"మామా, పద్దెనిమిది అంగుళాలకు దొరకలేదు" అన్నాడు గంప దించుతూ. "ఒకటి పదహారు ఉండాది. ఇంగొకటి పదిహేడున్నర. మెడ సాపితే మాత్రం పద్దెనిమిది వస్తాది."

"మెడ యాల సాపుతావురా? కింద రవ్వంత ముక్క అతికిస్తే సరి."

వాడు నా వైపు ఒక రకంగా చూశాడు. అప్పుడు గంప అరిచింది.

గోనెపట్టా తీస్తే నాలుగు నాటుకోళ్లు. నిజంగానే ముదురువి. చేత్తో ఎత్తితే బరువు తెలుస్తోంది.

"మంచం కోళ్లురా!" అన్నాను.

"మంచానికి కోళ్లు యాడుంటాయి మామా? కాళ్లు గదా?"

మా నాయన గుర్తొచ్చి చెయ్యి లేచింది గానీ, వాడికి కూడా మనవడు పుట్టబోతున్నాడు.

"ఆపరేషనైన మనిషికి సూపుకని అనుకుంటి" అన్నాడు. "సంతలో టేపు పట్టుకోని తిరిగితి. జనమంతా నా ఎనకే. కోడిని నిలబెట్టి కొలస్తాంటే అది నిలబడదు, మామా. ఒకడు సూపుకు ఎత్తు యాలప్పా అని అడిగె. మా మామ పట్టుపురుగుల ఆఫీసరు, ఆయన లెక్క ఆయనకుంటాది అంటి. ఇంగ వాడు మాట్లాడలా."

లప్పం కత్తి పక్కన పెట్టాను. ఒక్కటే కావాలని అడిగి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు. కోడు వేరు, కోడి వేరు. నాలుగయ్యేసరికి తెలుగులో రెండూ ఒకటే.

మా ఆవిడ దీపం దగ్గర నుంచి లేచి వచ్చింది. గంపలోకి చూసింది. నా మొహంలోకి చూసింది.

"కార్తీకంలో ఈ వాకిట్లో కోడి తెగేది లేదు" అంది.

"సూపు అత్తా, అమ్మకు ఎముక..."

"మీయమ్మ గూడా ఈ నెల తినదు. నువ్వు మరిసిపోతివా? ఎనక్కి తీసుకోని పో నాయనా."

"వచ్చేటప్పుడే కండక్టరు రెండు తూర్లు దించబోయినాడు అత్తా. ఇంగ నన్ను బస్సెక్కనీడు." వాడు గంప అక్కడే వదిలి, ఆవుకు మేత వేళయిందని వెళ్లిపోయాడు.

ఆ రోజు డైరీలో "నాలుగు కోళ్లు వచ్చాయి" అని రాశాను. అందులో అబద్ధమేమీ లేదు.

కోళ్లను చంపకూడదు, పంపకూడదు. కిటికీ కమ్మీలకు తాడుతో కట్టాను. బయట కడదామంటే ముసురు పట్టింది. వసారాలో ఒక పక్క కోళ్లు, ఇంకో పక్క ఇటుకల మీద పరిచిన మంచం పలకలు. ముసురులో వార్నీషు తొందరగా ఆరదని నాకు తెలుసు. అయినా అక్కను ఇంటికి పంపే రోజు దగ్గరపడుతోందని పొద్దున మొదటి పూత వేసి, కాఫీకని లోపలికి వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి నాలుగింటిలో ఒకటి తాడు విప్పుకుని పలకల మీద షికారు చేస్తోంది. వార్నీషు దాని కాళ్లకు అంటి, ఒక్కో అడుగూ ఎత్తి, వింతగా చూసుకుని, మళ్లీ పెడుతోంది. నేను అరిచేసరికి రెక్కలు టపటపలాడించింది. మూడు పలకల మీద కోడి పాదాలు, తక్కిన వాటి మీద ఈకలు.

మా ఆవిడ వాకిట్లోకి వచ్చి నిలబడింది. నవ్వు ఆపుకోవడానికి ఆమె ఎంత కష్టపడిందో ఆమె పమిట కొంగు చూస్తే తెలుస్తోంది. అది మొత్తం నోట్లో ఉంది.

"చిలకలు కావాలంటిరి" అంది చివరికి. "ఈకలన్నా వచ్చినాయి గదా."

ఈకలు ఏరి, ఆరనిచ్చి, మళ్లీ గరుకు కాగితం పట్టాను. కోళ్ల సంగతి మాకు పాలు పోసే ఆమె తీర్చింది. కార్తీకం దాటేదాకా వాటిని తన దొడ్లో చూసుకుంటానని తీసుకుపోయింది. దాటాక కూడా ఆమే చూసుకుంది. ఎలా చూసుకున్నదీ మేము అడగలేదు.

ఈసారి పుంగనూరుకు నేనే పోయాను. వడ్రంగి అంగడి ముందు నిలబడి, ఏ అక్షరమూ మింగకుండా, "మంచం, కోళ్లు" అని విడదీసి చెప్పాను.

ఆయన మిషను ఆపకుండానే నవ్వాడు. "పద్దెనిమిది అంగుళాలు గదా సార్?"

"మీకెట్ల తెలుసు?"

"సంతలో మీవోడు కోడికి టేపు పెట్టినప్పుడు మా బామ్మర్ది ఆడనే ఉండాడు. పుంగనూరులో ఆ కొలత తెలియనోళ్లు లేరు సార్. ముదురువే గదా?"

"ముదురువే" అన్నాను.

ఎండిన టేకు తన దగ్గర అంత లావుది లేదని, వేప చేవ ఉందని చెప్పాడు. ఆసుపత్రివాళ్లు ఇంకో వారంలో పంపుతామన్నారు కాబట్టి వేపే ఒప్పుకున్నాను. వారం లోపల ఇస్తానన్నవాడు, బంధువుల పెళ్లనీ, కరెంటు లేదనీ, చివరికి అక్కను పంపే ముందురోజు పగటిపూట ఇచ్చాడు. ఆటోలో నాలుగు కోళ్లనూ ఒళ్లో పెట్టుకుని వచ్చాను. నాలుగూ ఒకే ఎత్తు. రవ్వంత ఎచ్చుతగ్గులు లేవు. ఆ పద్దెనిమిదికి పైన, ఒక్కోదాని తల మీద గుమ్మడికాయంత కాదు గానీ, నారింజకాయంత గుండు తీశాడు. అది పట్టె కంటే పైకి లేచి ఉంటుంది. నేను చెప్పని పని అది. అలంకారం కోసం చేశాడనుకుని కొంచెం విసుక్కున్నాను.

బిగించే వేళకు పలకలు కూర్చోలేదు. ఏది ఎక్కడిదో చెప్పే అంకెలను నేనే రుద్దేశాను. ఒకదాని చోట ఇంకొకటి పెడితే పైకి లేచేది, ఇంకోటి పెడితే వదులయ్యేది. డ్రిల్లు మాస్టరు పిల్లల్ని వరుసలో నిలబెట్టినట్టు మారుస్తూ మారుస్తూ నా నడుము పట్టేసింది. మా ఆవిడ వచ్చి చూసి, పలకల చివర్లు తిప్పింది. పట్టెలోకి దూరే ఆ కొసల మీద నేను గీకలేదు. అక్కడ పాత రంగులు అలాగే ఉన్నాయి. ఒకదాని కొసన నీలం కారింది, ఇంకోదాని కొసన పచ్చ కారింది. పట్టె గాడుల్లోనూ అవే మరకలు.

"నీలం నీలంలోకి, పచ్చ పచ్చలోకి" అంది. "ఒకటో క్లాసు పిల్లోల్లు సేస్తారు."

మంచం నిలబడింది. పైన టేకు తేనెరంగు, అక్కడక్కడ పసుపునీళ్ల మచ్చలు, కింద వేప కోళ్లు వేరే రంగు. ఒకరి చొక్కా ఇంకొకరి పంచె తొడుక్కున్న మనిషిలా ఉంది. నేను అంచున కూర్చుని లేచాను. మా ఆవిడ కూర్చుని లేచింది. ఇద్దరమూ సులభంగా లేచాం. మాకు తుంటి విరగలేదు.

మరునాడు మధ్యాహ్నం కారులో అక్క వచ్చింది. చేతిలో నాలుగు కాళ్ల వాకరు. వెనక మేనల్లుడు, మందుల సంచితో. ఆమె గదిలోకి వచ్చి మంచాన్ని పైనుంచి కిందికి చూసింది. మామిడికాయల్ని చూసింది. వెనక్కి తిరిగి, నడుమును అంచుకు ఆనించి, మెల్లగా కూర్చుంది.

కూర్చుని, దిగిపోయింది.

నేను చూడనిది అప్పుడు చూశాను. మా ఆవిడ వదిన మీద ప్రేమ కొద్దీ, మంచం మచ్చలు కనబడకుండా, ఒకటి మీద ఒకటి రెండు దూది పరుపులు వేసి కొత్త దుప్పటి పరిచింది. అక్క అందులో నడుము దాకా మునిగింది. మోకాళ్లు పైకి వచ్చాయి. ముందుకు వంగి లేవబోయింది. లేవలేకపోయింది. ఇంకోసారి చూసింది. దుప్పటి ముడుచుకుందే గానీ మనిషి కదల్లేదు.

మేనల్లుడు ఒక అడుగు ముందుకు వేశాడు.

"ముట్టుకుంటే సూడు" అంది అక్క.

వాడు ఆగిపోయాడు.

"పరుపులు తీసేస్తా వదినా" అంది మా ఆవిడ, దుప్పటి కొస పట్టుకుని.

"నేను లేస్తే గదా తీసేది. లేసేదానికే గదా తియ్యాల్సింది." అక్క మా ముగ్గురి వైపూ చూసింది. ఆ మొహంలో కోపం లేదు. అంతకు ముందు నేనెప్పుడూ చూడని బెదురు ఉంది. "సిన్నోడా, కారు పోయిందా? పోకుంటే ఉండమను. మా ఊరికి పోతా."

కారు ఎక్కించాలన్నా ఆమెను లేపాలి. ఆ మాట అనే ధైర్యం ఎవరికీ లేదు. ఎంత కొలిచినవాణ్ణి! దూది ఎంత దిగుతుందో కొలవలేదు.

కాసేపటికి ఆమె చూపు మంచానికి పాదాలు పెట్టే కొస వైపు పోయింది. పాతకాలపు మంచం పొడవు ఎక్కువ, ఈ కాలపు పరుపు పొడవు తక్కువ. పాదాల వైపు జానాబెత్తెడు మేర పరుపు అందక పలక ఖాళీగా ఉంది. మా ఆవిడ అక్కడ దుప్పటి లాగి కప్పింది గానీ, ముడుచుకున్నప్పుడు అది కూడా తొలగింది. అక్క రెండు అరచేతులూ పరుపులో గుచ్చి, నడుమును కొంచెం పక్కకు జరిపింది. ఆయాసం తీర్చుకుంది. మళ్లీ జరిపింది. అంగుళం అంగుళం పరుపు మీద నుంచి పక్కకు పాకుతూ, ఊపిరి బిగబట్టి, పళ్లు బిగించి, చివరికి ఆ ఉత్త పలక మీదికి చేరింది. అక్కడ కూర్చున్న మనిషి దిగలేదు. పాదాలు రెండూ నేలకు ఆనాయి.

కోడు గుండు ఆమె కుడిచేతి పక్కనే ఉంది. దాని మీద అరచెయ్యి వేసి, వేళ్లు మూసింది. అది సరిగ్గా ఆమె పిడికిట్లో పట్టింది.

"ఇది ఎవురి సెయ్యీ గాదు గదా?" అంది నాతో.

"కాదక్కా. చెక్క."

ఆమె ముందుకు వంగింది. మంచం కిర్రుమంది. వేప కోడు కదల్లేదు. మేము ముగ్గురమూ మా మోకాళ్లు మేమే వంచి లేస్తున్నట్టు నిలబడ్డాం. ఆమె లేచింది. ఒక చెయ్యి గుండు మీద, ఒక చెయ్యి వాకరు మీద, నిటారుగా నిలబడి, మా వైపు కాకుండా కిటికీ వైపు చూసింది.

"ఇప్పుడు తీయి ఆ పరుపులు" అంది మా ఆవిడతో. "బొంత ఒకటి పరువు, సాలు. నన్ను దూదిలో పెట్టేదానికి నేనేం దానిమ్మకాయనా?"

మా ఆవిడ పరుపులు లాగి, పాత చీరల బొంత తెచ్చి పరిచింది. పరుస్తూ కళ్లు తుడుచుకుంటే అక్క చూసింది.

"ఏడుపు యాలమే? కాఫీ పెట్టు పో. మీరు గూడా పోండి. ఆడమనిషి పడుకునే గదిలో మొగోళ్లకేం పని?"

మేము బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాం. మేనల్లుడు మందుల సంచి ఇంకా చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. లోపల మంచం కిర్రుమంది. కాసేపాగి మళ్లీ కిర్రుమంది. కూర్చున్నప్పటి కిర్రు కొంచెం బరువుగా, లేచినప్పటి కిర్రు కొంచెం పొడుగ్గా ఉంది. మళ్లీ బరువుది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. మేనల్లుడు తలుపు మీద చెయ్యి వేయబోయాడు. నేను వాడి చొక్కా వెనక నుంచి పట్టుకుని ఆపాను.

పొడుగు కిర్రు వినబడేదాకా వదల్లేదు.